శ్రీ బటన్ కింది స్విచ్చు

దసరా నాడు అందరూ షాపు లోపల కొబ్బరికాయ కొడితే నేను రోడ్డు మీదికి పోయి కొడతాను. లోపల ప్రింటరుకు, కటింగ్ మిషనుకు, లామినేషన్ మిషనుకు పసుపు రాసి బొట్లు పెడతాను. కీబోర్డుకు మాత్రం పై వరుసలో కుడి చివరన ఉన్న ఒకే ఒక్క బటన్‌కు పెడతాను. అది ఎవరూ నొక్కని బటన్. మొన్న దసరాకు పక్క ఫ్లెక్సీ షాపతను ఇదంతా చూసి, పొద్దంతా నువ్వు టకటకలాడించేవాటిని వదిలిపెట్టి ఆ పనికిమాలినదానికి పూజేందక్కా అని నవ్వాడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని హుజూరాబాద్ బస్టాండు చుట్టుపక్కల అందరికీ తెలుసు. ముందు నీ ఫ్లెక్సీల మీద పుట్టినరోజు శుభాకాంక్షలు తప్పుల్లేకుండా వేయడం నేర్చుకొమ్మని పంపించేశాను. పంపించాక కుంకుమ భరిణె చేతిలో పట్టుకుని అట్లాగే కూర్చుండిపోయాను. ఆ బటన్ కింద ఉన్నది కాకా స్విచ్చు. కాకా పోయి ఇంకా ఏడాది నిండలేదు.

కాకా అంటే నాకు చుట్టమేమీ కాదు. ఆయనది బెల్లంపల్లి. బొగ్గుబాయిలో పని చేసి రిటైరైన మనిషి. కూతురును హుజూరాబాద్‌కు ఇచ్చారు కాబట్టి వస్తూ పోతూ ఉండేవాడు. నాది డీటీపీ సెంటరు. పెళ్ళిపత్రికలు, దరఖాస్తులు, దినాల కార్డులు అన్నీ టైపు చేస్తాను. నా కీబోర్డు ఈ కాలంది కాదు. నేను టైపింగు నేర్చుకున్న కరీంనగర్ ప్రెస్సు మూతపడ్డప్పుడు కంప్యూటరుతో పాటు తెచ్చుకున్నాను. కంప్యూటర్లు ఎన్నో మారాయి గాని కీబోర్డు మారలేదు. ఎత్తి వేస్తే దొంగ తల పగిలేంత బరువు. రేకుల మీద వడగండ్లు పడ్డట్టు చప్పుడు. ఫోన్లు మాట్లాడుకోనివ్వవా అని గిరాకీలు విసుక్కుంటే, బయటికి పోయి మాట్లాడుకోండి అంటాను.

ఆయన మొదటిసారి జిరాక్సు కోసం వచ్చాడు. నేను ఒక పెళ్ళిపత్రిక కొడుతున్నాను. తలెత్తి ఎన్ని కాపీలు కావాలని అడిగాను. ఆయన నన్నే ఆగమన్నట్టు చెయ్యి లేపాడు. నా షాపులో, నన్ను. ఏమయ్యా అనబోయేసరికి ఎడమ చెవిలో వేలు పెట్టుకుని, తల ఒక పక్కకు వంచి, కళ్ళు మూసుకున్నాడు.

"ఏదన్న కొట్టు బిడ్డా. సప్పుడు ఇనాలె."

పిచ్చాయన దొరికాడనుకున్నాను. అయినా ఎందుకో కొట్టాను. ఆయన నిదానంగా కళ్ళు తెరిచి, స్ప్రింగు ఒక్కటే కాదు, పక్కన సన్నని రేకు ఉన్నది, మాట్లాడుతున్నది ఆ రేకే అన్నాడు. ఆ కాలం కీబోర్డుల్లో ఒక్కో బటన్ కింద ఒక్కో స్విచ్చు విడివిడిగా ఉంటుందనీ, చప్పుడును బట్టి అదెట్లాంటిదో చెప్పొచ్చనీ ఆ రోజే నాకు తెలిసింది. ఇన్నేళ్ళూ దాని మీద పత్రికలు కొట్టి బతుకుతూ, కింద ఏముందో నేను ఎప్పుడూ చూడలేదు. చూడాల్సిన అవసరమూ రాలేదు, అది వేరే సంగతి.

బాయిలో ఆయన పని పైకప్పుకు దుంగలు నిలబెట్టడం. నిలబెట్టేముందు కప్పును ఇనుప పొన్ను వేసిన కర్రతో తట్టి చప్పుడు వినాలి. గట్టి చప్పుడొస్తే కింద మనుషులు పని చేసుకోవచ్చు. బోలు చప్పుడొస్తే బయటికి ఉరకాలి. అన్నేళ్ళు అదే విన్నాడు. ఎడమ చెవి బ్లాస్టింగు చప్పుళ్ళకు పోయింది. ఉన్న ఒక్క చెవితో లోకాన్నంతా రెండే మాటల్లో పంచేశాడు. గట్టిదైతే గట్టి, లేకపోతే బోలు. నా కౌంటరు చెక్కను వేలి కణుపుతో తట్టి గట్టి అనేవాడు. పుచ్చకాయను తట్టేవాడు, గోడను తట్టేవాడు. నా షాపు వెనక గోడ బోలని చెప్తే, ఓనరు మీద కోపం ఆయన మీద చూపించాను. ఆ వానాకాలమే పెచ్చులు రాలి నా కాగితాల కట్టల మీద పడ్డాయి. నా చాయ్‌ను కూడా ఒకసారి సాసర్లో పోసుకుని తాగి బోలన్నాడు. ఇంకోసారి అంటే చాయ్ బంద్ అన్నాను. మళ్ళీ అనలేదు.

రిటైరైనాక ఒక రోజు పాత సామాన్ల దుకాణంలో ఇనుప కుప్ప మీద పడి ఉన్న కీబోర్డును ఊరికే తట్టాడట. తట్టగానే పానం లేచొచ్చిందనేవాడు. అప్పటి నుంచి బెల్లంపల్లి, మంచిర్యాల, కరీంనగర్లలో ఏ పాత ఇనుము దుకాణాన్నీ వదల్లేదు. దొరికిన కీబోర్డు నుంచి ఒక్కో స్విచ్చు ఊడదీసి, ఇంట్లో పోపుల డబ్బాలో రకానికో గిన్నెగా పెట్టుకునేవాడు. ఇంటామె, అంటే నేను చిన్నమ్మ అనే ఆమె, ఆ డబ్బా కోసం పెట్టిన పోరు కథలుగా చెప్పేవాడు. జేబులో ఎప్పుడూ రెండు మూడు ఉండేవి. షాపు ముందు గొంతుక్కూర్చుని, ఒక్కోటి చెవి దగ్గర పెట్టుకుని నొక్కి, నాకూ వినిపించేవాడు. ఒకదాంట్లో స్ప్రింగు నడుం వంచి అరుస్తుంది. ఇంకోదాంట్లో ఇనుమూ ఇనుమూ తగలనే తగలదు, అయస్కాంతం దగ్గరికొస్తే చాలు. దానికి 'ముట్టనిది' అని పేరు పెట్టాడు. ఇప్పటి కీబోర్డుల్లో అన్ని బటన్ల కింద ఒకటే రబ్బరు చాప పరుస్తారని చెప్పి, రబ్బరుకు మాటేముంది బిడ్డా అని జాలిపడేవాడు.

ఇట్లాంటి పిచ్చి ఉన్నవాళ్ళు లోకమంతా ఉన్నారట. అల్లుడు ఫోన్లో వాళ్ళ గుంపులో కలిపాడు. వాళ్ళు స్విచ్చులను కాడ రంగును బట్టి గుర్తు పడతారు. బటన్ టోపీ ఊడదీస్తే కింద పైకీ కిందికీ ఆడే ముక్క ఉంటుంది చూడండి, దాన్ని ఆయన కాడ అనేవాడు. తెల్ల కాడ ఒక రకం, నీలం కాడ ఇంకో రకం, నారింజ ఇంకోటి. ఎన్ని రకాలు బయటపడ్డాయో, ముందుగా ఎవరు గుర్తు పట్టారో వాళ్ళ దగ్గర ఒక పెద్ద పట్టిక ఉంది. అందులో జర్మనీ వాళ్ళున్నారు, జపాను వాళ్ళున్నారు. కాకా ఏ ఫొటో పెట్టినా అది అప్పటికే ఎవరో చూసిందే అయ్యేది. ఆయనకు ఉన్న కోరిక అదొక్కటే. ఎవరూ చూడని రకం ఒకటి దొరకాలి, బెల్లంపల్లి మనిషి గుర్తు పట్టాడని ఆ పట్టికలో ఉండాలి. బాయిలో తన చెవి ఎంత మందిని కాపాడిందో ఎక్కడా రాసి లేదు బిడ్డా, గిదన్న ఉండనీ అని ఒకసారి అన్నాడు. ఆ మాట మీద నేను ఏమీ ఎకసెక్కం ఆడలేదు.

పోయినేడాది పెండ్లిండ్ల జోరు మీద నా కీబోర్డులో శ్రీ బటన్ పట్టేసింది. నేను వాడే పాత ఫాంటులో శ్రీకి విడిగా ఒక బటన్ ఉంది. ఏ పత్రికైనా శ్రీతోనే మొదలు. చివరన కూడా శ్రీలు శ్రీమతులు లెక్కలేనంత మంది. నొక్కితే దిగదు, దిగితే లేవదు. కాకాకు ఫోను చేశాను. టంకం కాల్చే పరికరం తువ్వాలలో చుట్టుకుని మొదటి బస్సుకే దిగాడు.

టోపీ ఊడదీస్తే లోపలంతా ఎర్రటి మడ్డి. నాకు సిగ్గేసింది. ప్రతి దసరాకూ పూజ మొత్తం ఆ శ్రీ బటన్‌కే చేసేదాన్ని. కుంకుమ దండిగా పెట్టి, పక్కనే కొబ్బరికాయ కొట్టేదాన్ని. నీళ్ళు దాని మీద చిందితే ఇంకా మంచిదనుకునేదాన్ని. కాకా నన్ను ఒక్క మాటా అనలేదు. స్పిరిటులో ముంచిన దూదితో తుడవడం మొదలుపెట్టాడు. మడ్డి పోయింది. తుడిచిన కొద్దీ కింద గులాబీ రంగు కాడ బయటపడి మెరిసింది. ఆయన చెయ్యి ఆగింది. ఇంకో దూది తీసుకుని గట్టిగా రుద్దాడు. దూదికి ఏమీ అంటలేదు. గోటితో గీకాడు. రంగు లోపలిదాకా ఉంది. అప్పుడు గొంతుక్కూర్చున్న మనిషి కింద చతికిలబడ్డాడు.

గులాబీ కాడ ఆ పట్టికలోనే లేదట. మిగతా బటన్లు కూడా విప్పి చూస్తానని చెయ్యి పెట్టబోతే నేను కీబోర్డును ఒళ్ళోకి లాక్కున్నాను. బయట పెండ్లివారు నిలబడి ఉన్నారు. మూఢం రానీ కాకా, అప్పుడు మొత్తం ఊడదీసుకో, ఇప్పుడు మాత్రం నా శ్రీ నాకు ఇచ్చి పో అన్నాను. పై వరుస కుడి మూలన ఎవరూ నొక్కని బటన్ కింది స్విచ్చును ఊడదీసి, ఆయన చూపంతా గులాబీ కాడ మీదే ఉంది కాబట్టి దాన్ని సరిగ్గా చూడను కూడా చూడకుండా, శ్రీ కింద అతికించాడు. గులాబీదాన్ని తువ్వాల కొసలో ముడేసుకున్నాడు. మూల బటన్ కన్ను ఖాళీగా మిగిలింది.

ఆ రెండు నెలలు కాకా భూమి మీద నడవలేదు. ఫొటో పెట్టగానే గుంపంతా కదిలింది. పట్టిక చూసే అమెరికాయన తన జన్మలో ఇట్లాంటిది చూడలేదని రాశాడు. మిగతా బటన్లు కూడా తెరిచి ఫొటోలు పంపితే చాలు, కొత్త రకంగా ఎక్కిస్తాను, పేరు మీరే పెట్టండి అన్నాడు. కాకా నాకు ఫోను చేసి, శ్రీ కింద దొరికింది కాబట్టి శ్రీ అని పెడతానన్నాడు. బెల్లంపల్లిలో పాత బాయి దోస్తులందరికీ జిలేబీ తినిపించాడట. వాళ్ళకు ఏం అర్థమైందో గాని జిలేబీ మాత్రం బాగుందన్నారట.

మూఢం రాగానే వచ్చేశాడు. కొత్త అంగీ తొడుక్కున్నాడు. నేను కూడా షటరు సగం దించి పక్కన కూర్చున్నాను. శ్రీ పక్క బటన్ టోపీ తీశాడు. కాడ తెల్లగా ఉంది. దాని పక్కది తీశాడు. తెల్లది. కింది వరుస, పై వరుస, అన్నీ తెల్లవే. మూల నుంచి తెచ్చి శ్రీ కింద తనే అతికించినదాన్ని కూడా తెరిచాడు. అదీ తెల్లదే. లేచి, నా దేవుని పటాల దగ్గరి కుంకుమ భరిణె తీసుకుని, చిటికెడు గోటి మీద వేసి, నీళ్ళు అద్ది, తువ్వాల ముడి విప్పి గులాబీ స్విచ్చును ఆ గోటి పక్కన పెట్టి చూశాడు. రెండూ ఒకటే రంగు. ఏండ్ల తరబడి కుంకుమా కొబ్బరినీళ్ళూ తాగి తెల్ల ప్లాస్టిక్కు లోపలిదాకా పండింది. కాకా వేలి కణుపుతో తన తలను తానే తట్టుకుని విన్నాడు.

"బోలు" అన్నాడు.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆ కొత్త అంగీ చూస్తే ఇంకా బాధనిపించింది. వాళ్ళేమన్నా అమెరికా నుంచి హుజూరాబాద్‌కు వచ్చి చూస్తారా, కీబోర్డు కరాబైంది, ఈ ఒక్కటే మిగిలిందని రాసి పంపిద్దాం, నీ పేరు ఎక్కుతుంది అన్నాను. నిజంగానే అన్నాను. అట్లా రాయడానికి నాకు ఏ అభ్యంతరమూ లేదు. కాకా ఎన్నడూ లేనిది బాయి సంగతి ఒకటి చెప్పాడు. ఒకసారి కప్పు గట్టిగా ఉందని చెప్పి బయటికి వచ్చాడట. వచ్చినాక మనసు ఒప్పుకోలేదు. మళ్ళీ పోయి తట్టి చూస్తే బోలు. పెద్ద సార్ల ముందట, తోటివాళ్ళ ముందట, నేను చెప్పింది తప్పు, లేవండి అని అరుచుకుంటూ ఉరికాడట. ఆ తర్వాత షిఫ్టులో అది కూలింది. కింద ఎవరూ లేరు.

"గట్టి అన్నంక బోలని తెలిస్తే ఉరికి చెప్పాలె బిడ్డా. సిగ్గుపడి నిలబడితే ఎట్ల, కింద మనుషులుంటరు."

ఇక్కడ కింద ఎవరున్నారు కాకా, ఇది స్విచ్చు అన్నాను. అలవాటైంది బిడ్డా, రాయి అన్నాడు. నా ఇంగ్లీషంతా పెళ్ళిపత్రికల ఇంగ్లీషు. దానితోనే రాశాను. మా ఊళ్ళో పండుగకు పనిముట్లను పూజిస్తాం, ఆ కుంకుమ వల్ల తెల్లది గులాబీ అయింది, పొరపాటు పూర్తిగా నాదే అని ఆయన చెప్పింది చెప్పినట్టు. ఆయన పంపించమన్నాడు, పంపించాను.

జవాబు అప్పటికప్పుడే వచ్చింది. వాళ్ళు ఎగతాళి చేయలేదు. అమెరికాయన కడుపుబ్బ నవ్వానని రాసి, అయినా లోకంలో ఇట్లాంటిది ఇదొక్కటే కదా, మీరు అనుకున్న పేరుతోనే ఎక్కిస్తాను, ఒప్పుకోండి అన్నాడు. నేను ఎగిరి గంతేసినంత పని చేసి చదివి వినిపించాను. కాకా వినలేదేమోనని రెండోసారి, మంచి చెవి దిక్కు నిలబడి చదివాను.

"బొట్టు పెట్టుకుంటె మనిషి వేరే మనిషైతదా బిడ్డా. గది తెల్లదే. వద్దని రాయి."

వద్దనే రాశాను. రాసినంతసేపూ తిట్టుకుంటూనే ఉన్నాను. ఇన్నాళ్ళూ కోరుకున్నది చేతికి అందిస్తే వద్దంటాడేమిటీయన అని. ఆయన మాత్రం బోర్లించిన కీబోర్డును మళ్ళీ బిగించి, అటు నుంచీ ఇటు నుంచీ తట్టి విని, గట్టి అని చెప్పి, చాయ్ అడిగి, సాసర్లో పోసుకుని నింపాదిగా తాగాడు. గులాబీ స్విచ్చును మాత్రం పారేయలేదు. ఇంటికి తీసుకుపోయి పోపుల డబ్బాలో తెల్లవాటి గిన్నెలో వేసుకున్నాడని చిన్నమ్మ తర్వాత చెప్పింది. తెల్లవాటి గిన్నెలోనే.

ఎండకాలంలో ఆయన పోయిన కబురు కూతురు చెప్పింది. నిద్దట్లోనే, ఎవరినీ పరేషాన్ చేయకుండా పోయాడట. పిట్టకు పెట్టే రోజున షాపు మూసి బెల్లంపల్లి పోయాను. పోయినవారికి ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెట్టి, దూరం జరిగి, కాకి వచ్చి ముట్టేదాకా ఎదురుచూస్తారు. ముట్టకపోతే ఏదో రంది మీద పోయాడని లెక్క. కాకాకు కార్జం వేపుడు, జొన్నరొట్టె, కల్లు, బీడీకట్ట పెట్టారు. కాకులు గోడ మీద బారుగా కూర్చున్నాయి గాని ఒక్కటీ దిగలేదు. కూతురు దండం పెట్టి, అవ్వను నేను చూసుకుంటా బాపూ, ఫికరు పెట్టుకోకు అంది. దిగలేదు. అల్లుడు మొక్కాడు. దిగలేదు. ఎండ ముదిరింది. ముసలివాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. ఆయన రంది ఏమిటో నాకు తెలుసుననిపించింది. ఆ పట్టికలో పేరు. వద్దని రాసింది నా ఈ వేళ్ళే.

చిన్నమ్మ నా పక్కకు వచ్చింది. కొంగు ముడి విప్పింది. అందులో గులాబీ స్విచ్చు ఉంది. నీ షాపుదే గద, నువ్వే పెట్టు బిడ్డా అంది. తీసుకుపోయి విస్తరి అంచున, కార్జం పక్కన పెట్టాను. పెట్టేముందు ఒకసారి నొక్కాను. టక్ మంది.

నేను వెనక్కి వచ్చానో లేదో గోడ మీది నుంచి ఒక కాకి దిగింది. రొట్టె దిక్కు పోలేదు. స్విచ్చు దగ్గరికి గెంతి ఆగింది. తల ఒక పక్కకు వంచింది. అచ్చం ఆయన వంచినట్టే. ముక్కుతో ఒకసారి తట్టింది. ఇంకోసారి తట్టింది. తర్వాత దాన్ని విస్తరి బయటికి నెట్టేసి, కార్జం ముక్క పట్టుకుంది. అందరూ చేతులు జోడించారు. ఫోనొచ్చిన రోజు నుంచి నేను ఏడవలేదు, అప్పుడు ఏడ్చాను.

చిన్నమ్మ ఏడవలేదు. కింద పడ్డ స్విచ్చును తీసి, మట్టి తుడిచి నా చేతిలో పెట్టింది.

"చూసిండు బిడ్డా" అంది. "తెల్లదే అన్నడు."